అవ్వ మెడలో వెండి శిలువ

మొన్న క్రిస్మస్‌కు ముందు మా మనవరాలు వనపర్తి బజారులో చిన్న బంగారు శిలువ కొనుక్కొచ్చి, నగల దుకాణంవాళ్లు చుట్టి ఇచ్చిన గులాబీ రంగు కాగితం విప్పి నా అరచేతిలో పెట్టింది. వేలితో తడిమి చూశాను. అంచులన్నీ నున్నగా ఉన్నాయి. ఎందుకు వేసుకుంటున్నావమ్మా అని అడిగితే, దేవుడు గుర్తుండటానికి అంది. నేను నమ్మలేదు. ప్రభువు మీద నా విశ్వాసంలో వెంట్రుకవాసి లోటు లేదు గాని, మెడల్లో మెరిసే శిలువలను మాత్రం చిన్నప్పటి నుంచీ అనుమానంతోనే చూస్తున్నాను. అది మా అవ్వ వల్ల వచ్చింది.

మాది పాన్‌గల్ దగ్గర చిన్న పల్లె. నిజాం పాలన ఇంకా నడుస్తున్న రోజులవి. వాగులో మోకాలి లోతు నీళ్లున్న ఒక చలికాలపు పొద్దున మా వాడలోని కొన్ని ఇళ్లవాళ్లు బాప్తిస్మం తీసుకుంటూ, మెడలకూ మొలలకూ దండచేతులకూ ఉన్న తాయెత్తులన్నీ కోసి నీళ్లలో వదిలేశారట. మా అవ్వ, అంటే మా నాయన తల్లి మరియమ్మ కూడా దారం తెంపి వదిలింది గాని, తాయెత్తు వెండిని మాత్రం కొంగున ముడేసుకుంది. ఒడ్డున ఉన్నవాళ్లందరూ అది చూశారు. కొన్నాళ్లకు వెండిపని చేసే అవుసులాయన దగ్గర దాన్నే కరిగించి శిలువ చేయించుకుని, నల్లదారానికి గుచ్చి వేసుకుంది.

కొత్త సంఘం కదా, ఎవరి మీద ఎవరికీ పూర్తి నమ్మకం ఉండేది కాదు. ఎవరింట్లో ఊదు వాసన వచ్చినా ప్రార్థన గుడిసెలో ఆదివారం దాని మీదే మాట. బతుకమ్మ రోజుల్లో గట్ల మీద విరగబూసిన తంగేడు పూలు నేను గుప్పెడు తెంపుకొస్తే, అమ్మ గుమ్మం దాటనివ్వకుండా పారేయించేది. చింతగింజలతో అచ్చనగిల్లలాడుతూ ఎవరైనా దేవత పేరెత్తితే, పక్కింటి ముసలమ్మ తడిక సందులోంచి తొంగిచూసేది. క్రిస్మస్‌కు బెల్లం వేసి చేసిన సజ్జ మలీదలు పక్క వాడకు పంచితే, వాళ్లు వాటిని ఒకటికి రెండుసార్లు వాసన చూసి గాని నోట పెట్టుకునేవారు కాదు.

మా ఇళ్లలో ఆడవాళ్లకు ఒక నియమం ఉండేది. తెల్లవారుజామున విసుర్రాయి ముందు కూర్చుని జొన్నలు పోసేముందు, చాటలోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న దేవుని కుండలో వేయాలి. ఆదివారం ఆ కుండలన్నీ గుడిసెలో ఒకే కుప్పగా గుమ్మరించి, పొయ్యి వెలగని ఇళ్లకు, వాళ్లది ఏ దేవుడని అడగకుండా, చేరవేసేవారు. అవ్వకు ఎదురుగా కూర్చుని పిడి తిప్పడం నా పని. ఆమె చాట మీదికి వంగినప్పుడు శిలువ ముందుకు ఊగి, మళ్లీ రొమ్ముకు తగిలేది. అప్పుడామె చిన్నగా ఉలిక్కిపడి పిడికెడు తీసేది.

వానలు ముఖం చాటేసిన ఏడు అందరి కుండలూ తేలికయ్యాయి. అవ్వ కుండ మాత్రం ఎప్పటిలాగే వచ్చేది. మేము గంజి తాగి సర్దుకున్నామని ఎవరూ అనుకోలేదు. ఆ వెండిలోనే ఏదో ఉందన్నారు. వాడలో ఆడవాళ్లు ఆమె ఎదురుపడితే శిలువను తాకి కళ్లకద్దుకోసాగారు. వీపనగండ్ల నుంచి ఒక రైతు ఇల్లాలు వచ్చి, అలాంటిదే మంత్రించి ఇమ్మని అడిగింది. ఆ మాట సంఘపెద్ద యాకోబు చెవిన పడింది. ఆయన వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు.

"మరియమ్మక్కా, పేరు మారింది గని మెడల తాయెత్తు మారలే. గది తీసి నా చేతిల పెట్టు. తియ్యకుంటే బల్ల కాడికి రాకు."

బల్ల అంటే ప్రభువు భోజనపు బల్ల. ఊళ్లో ఎవరింటికి వెళ్లినా దోసిట్లో పై నుంచి నీళ్లు పోయించుకుని తాగిన మా అవ్వ, అందరితోపాటు ఒకే గిన్నెకు పెదవులు ఆనించింది ఆ బల్ల దగ్గరే. అది పోతే ఆమెకు ఏమీ మిగలదు. దారంతో సహా తీసి ఇచ్చింది. యాకోబు దాన్ని చెవి దగ్గర ఆడించి చూసి, లోపల ఏమీ మోగకపోయినా నమ్మకం కుదరక జేబులో వేసుకుని వెళ్లాడు.

ఆ వారమంతా నేను ఎదురుగా కూర్చుని చూశాను. అవ్వ చెయ్యి చాటలోకి వెళ్లేది, ఆగేది, వేళ్ల సందుల్లోంచి గింజలు కొన్ని మళ్లీ చాటలోకే జారేవి. ఆదివారం ఆమె గుమ్మరించిన కుండలోంచి అడుగున ఉన్న కాసిని గింజలే రాలాయి. గుడిసెలో గుసగుసలు. తాయెత్తు పోయింది, కుండ నింపే బరకత్ పోయింది అన్నారెవరో.

"నేను దొంగముండనే అయ్యా," అంది అవ్వ, కుండ బోర్లించి పట్టుకునే. "దేవుని మీద అనుమానం లేదు. నా పిడికిలి మీదనే. కరువుల అది ముడుసుకపోతది. అందుకే అవుసులాయనకు చెప్పిన, అంచులు అరగదియ్యకు, గుచ్చుకోవాలె అని. వంగినప్పుడల్లా పొడిస్తెనే నాకు పక్కింటోళ్ల ఆకలి యాదికొస్తది."

యాకోబు జేబులోంచి శిలువ తీసి, బొటనవేలితో అంచు ఒత్తి చూశాడు.

"వారం సంది పొడుస్తనే ఉన్నది," అన్నాడు నెమ్మదిగా. "నేను దయ్యమనుకున్న."

దాన్ని ఆమె చేతిలో పెట్టి, బల్ల దగ్గరికి ముందు ఆమెనే పిలిచాడు. అమ్మకు మాత్రం చాలా ఏళ్లు అనుమానం పోలేదు. శిలువ తిరిగి రావడానికి అత్త కావాలనే గింజలు జార్చిందని, పొయ్యి దగ్గర నాతో మెల్లగా అనేది. అంత దగ్గర కూర్చుని చూసిన నేనూ కాదనలేను. అవునని కూడా అనలేను.

ఇప్పుడు ఆ గుడిసె లేదు, తెల్లవారుజామున వాడంతా వినిపించే విసుర్రాళ్ల రొద లేదు, చలిలో జొన్నపిండి వెచ్చటి వాసన లేదు. దేవుని కుండ అంటే మనవరాలికి తెలియదు. కానుక కవరులో వేసి అంటించి ఇస్తుంది. అవ్వ శిలువ చివరి రోజులకు ఆమె చర్మానికే అరిగి నున్నబడింది. దాన్ని ఆమెతోనే మట్టిలో పెట్టాం.

ఈ పొద్దున బియ్యం డబ్బా మూత తీసి, ఎందుకో పిడికెడు తీశాను. వేయడానికి కుండ లేదు. వేళ్లు విప్పి చూస్తే గింజలు చాలా కొంచెమే ఉన్నాయి. వయసుకు చెయ్యి ముడుచుకుపోయిందమ్మా అన్నాను, పక్కనే నిలబడ్డ మనవరాలితో. ఆమె నమ్మింది. నాకే నమ్మకం కుదరలేదు.