రంపపు చేప దొరికిన చోటు

రేవులో ఆయన అసలు పేరు ఓటర్ల జాబితాలో తప్ప ఇంకెక్కడా వినిపించదు. బతికున్న రోజుల్లో భార్య కూడా చాటుగా ‘మా రంపం’ అనే అనేది. ముప్పై ఏళ్ల కిందట, సరంగుగా పడవ నడిపే రోజుల్లో, పద్నాలుగు అడుగుల రంపపు చేపను ఒడ్డుకు తెచ్చాడు. మనిషి చేయంత పొడవున ముందుకు సాగిన ముట్టె, దానికి రెండు పక్కలా పళ్లు. ఐసు ఫ్యాక్టరీ గోడ ముందు దాన్ని పరిచి, పక్కన ఆయన్ని నిలబెట్టి ఎవరో ఫోటో తీశారు. ఆ ఫోటో మత్స్యకారుల సంఘం గదిలో గోడకెక్కింది. ఆ తర్వాత అలాంటి చేప ఆ రేవుకు మళ్లీ రాలేదు. దాంతో ‘రంపం’ అన్న పేరు మనిషికి అతుక్కుపోయింది.

పేరుతో పాటు ఒక అబద్ధం కూడా అతుక్కుంది. చేప దొరికింది మడచెట్ల మధ్య నుంచి వచ్చే చిన్న పాయలో. చేపలు పిల్లలు పెట్టే కాలంలో అక్కడ వల వేయకూడదని సంఘం కట్టుబాటు. వేసినవాడి పడవ ఆ ఏడాదంతా ఒడ్డునే. “ఎక్కడ పడిందిరా?” అని పెద్దలు అడిగితే, “పెద్ద మొగ దగ్గర” అన్నాడు తడుముకోకుండా. ఏరు సముద్రంలో కలిసే ఆ చోట ఎవరైనా వల వేసుకోవచ్చు. అందరూ నమ్మారు. పది రోజులు పోయాక ఆయనే ఆ సంగతి మరిచిపోయాడు.

ఇరవై ఆరేళ్లు గడిచాక ఒక పరిశోధకురాలు వచ్చింది. సొరలు, చాపలా పరుచుకుని ఉండే టేకు చేపలు, వాటి చుట్టాలు ఎన్ని రకాలు ఒడ్డుకొస్తున్నాయో, ఏవి రావడం మానేశాయో వేలం దగ్గర కూర్చుని రాసుకునేది. రేవు ఆమెకు ‘చేపల డాక్టరమ్మ’ అని పేరు పెట్టింది. సంఘం గదిలో ఫోటో చూడగానే ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది.

“తాతా, దీన్ని అందరూ సొర అంటారు గానీ ఇది టేకు జాతిది. ఇప్పుడు ఎక్కడో నాలుగు చోట్ల తప్ప లేదు. ఇది ఎక్కడ దొరికింది?”

గదిలో సంఘం పెద్ద ఉన్నాడు, ఆయన సొంత తమ్ముడు ఉన్నాడు, ఇంకో పది మంది ఉన్నారు. అంతమంది ముందు అప్పుడు అబద్ధమాడానని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.

“పెద్ద మొగ దగ్గరమ్మా.”

ఏడాది తిరక్కుండానే పెద్ద మొగలో ఏటా ఆరు నెలల పాటు వలలు వేయరాదని మత్స్యశాఖ బోర్డు పెట్టింది. కాపలాకు ఆ చేపను ఎరిగినవాడు కావాలన్నారు. ఎరిగినవాడు ఒక్కడే. గట్టు చివర రేకుల గది, ఇనుప కుర్చీ, దుర్భిణి, ఒక రిజిస్టరు ఇచ్చారు. రోజూ సాయంత్రం అందులో ‘రంపపు చేప కనపడలేదు’ అని రాసి సంతకం పెట్టాలి. ఎప్పుడూ రాని చేప కోసం రోజంతా ఖాళీ నీళ్లను చూస్తూ కూర్చోవడం ఎంత బరువో ఆయనకే తెలుసు. మధ్యాహ్నానికి రేకులు కాలి, లోపల మనిషి ఉడికేవాడు. బయట నీడ ఉండేది కాదు.

“రాని చుట్టం కోసం తలుపు తీసుకుని కూచున్నాడు పాపం,” అని రేవులో నవ్వుకునేవారు. తమ్ముడు మాత్రం నవ్వలేదు. తండ్రి నాటి నుంచి వాళ్ల వలలు పెద్ద మొగలోనే.

“నీ ఫోటో గోడ మీదున్నన్నాళ్లూ బాగానే ఉందన్నయ్యా. ఇప్పుడు నా నెత్తి మీదకొచ్చింది,” అన్నాడు. ఆ తర్వాత ఎదురుపడితే తల తిప్పుకునేవాడు. మరదలు నయం, తలుపు వేసుకునే ముందు “బాగున్నారా బావగారూ” అని అడిగేది.

పెద్ద మొగ మూతపడ్డాక పడవలు ఊరికే ఉంటాయా? అన్నీ చిన్న పాయ మీద పడ్డాయి. కడుపులు మాడుతుంటే పాత కట్టుబాటు ఎవరికి గుర్తు? ఒకప్పుడు మూడు నాలుగు వలలుండే చోట పదిహేడు వలలు, పాయకు అడ్డంగా గోడ కట్టినట్టు. అందులో ఒకటి అల్లుడిది. కూతురి ఇల్లు కూడా ఆ పాయ ఒడ్డునే. ఈయన గట్టు మీద నుంచి అదంతా దుర్భిణిలో చూసేవాడు. చూసి కుర్చీ ఇటు తిప్పుకునేవాడు. చేప దొరికింది పాయలోనని చెబితే తమ్ముడి ముందు, ఊరి ముందు దోషి. పైగా పాయ మూస్తారు, కూతురి నోట్లో మట్టి. చెప్పకపోతే ఆ వలల్లో ఏం పడుతోందో దేవుడికే ఎరుక. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆయనకు అరవై దాటాక తెలిసింది.

అలా మూడేళ్లు నెట్టుకొచ్చాడు. ఒక ఉదయం అల్లుడు సైకిలు తొక్కుకుంటూ గట్టు మీదకు వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“మామయ్యా, ఒక్కసారి రా. ఎవరికీ చెప్పకు.”

పాయలో మోకాటి లోతు నీళ్లలో, వల అంచున, చెయ్యి పొడవు కూడా లేని పిల్ల రంపపు చేప. బుల్లి రంపానికి వల కళ్లు చుట్టుకుని, విదిల్చినకొద్దీ ఇంకా బిగుసుకుంటున్నాయి. ఆయన నీళ్లలోకి దిగి దాని పక్కన కూర్చున్నాడు. ముప్పై ఏళ్ల కిందటి పెద్ద చేప కళ్లు కూడా ఇలాగే తలపైన, చిన్నగా ఉండేవి.

“రంపం విరిచేస్తే వల దక్కుతుంది,” అన్నాడు అల్లుడు నెమ్మదిగా.

“విరిస్తే అది తిండి పట్టుకోలేక చస్తుంది. కత్తి ఇటివ్వు. తువ్వాలు తడిపి కళ్ల మీద వెయ్యి. నీళ్లలోంచి ఎత్తకు.”

వలలో ఒక్కో కన్నే కోశాడు. పళ్లు గీసుకుని వేళ్లు నెత్తురోడాయి. వల మూరెడు మేర చీలికలైంది. ఆఖరి పోగు తెగగానే పిల్ల కాసేపు కదలకుండా ఉండి, ఒక్కసారి బురద రేపుకుంటూ మడవేళ్ల లోపలికి జారిపోయింది.

“పిల్ల ఉందంటే తల్లి ఉన్నట్టే. ఇక్కడ వల తియ్యి నాయనా.”

“తీసి ఎక్కడ వెయ్యను మామయ్యా? పెద్ద మొగ మూయించింది ఎవరు?”

ఇంట్లోంచి వచ్చిన కూతురు తండ్రి వేళ్లకు గుడ్డ కడుతూ తల ఎత్తకుండానే అంది: “నాన్నా, డాక్టరమ్మకు చెప్పకు. ఈ పాయ కూడా పోతే మేం ఎటు పోవాలి?”

ఆయన చెప్పనని తల ఊపాడు.

నాలుగు రోజులు ఆ మాట మీద నిలబడ్డాడు. రిజిస్టరులో ‘కనపడలేదు’ అని రాయబోతే కట్టు కట్టిన వేళ్లు కలం పట్టలేదు. కలం పట్టలేదన్నది సాకే అని ఆయనకూ తెలుసు. అయిదో రోజు డాక్టరమ్మ వచ్చి ఖాళీ గళ్లు చూసి, “ఒంట్లో బాగాలేదా తాతా?” అని అడిగింది. ఆ ఒక్క మంచి మాటకు కట్ట తెగింది. ముప్పై ఏళ్ల కిందటి నుంచి మొన్నటి దాకా కక్కేశాడు.

ఆమె తిడుతుందనుకున్నాడు. ఆమె గడప మీద కూర్చుండిపోయింది. “ఆ వలలన్నిటినీ పాయలోకి తోలింది మనమే కదా తాతా. అక్కడ ఎన్ని పిల్లలు పోయాయో ఇక ఎవరికీ తెలీదు,” అంది. ‘నువ్వు’ అనకుండా ‘మనం’ అన్నందుకు ఆయనకు ఎక్కువ నొప్పి పుట్టింది.

ఆమె గట్టిగానే పోరాడింది. పాయ మొత్తం కాదు, పైసగం, పిల్లలు పెట్టే నాలుగు నెలలే మూస్తే చాలని ఒప్పించింది. పెద్ద మొగ తెరవాలని కూడా రాసింది. మూయడానికి ఒక్క సంతకం సరిపోయింది గానీ తెరవడానికి కొత్త కమిటీ కావాలట. బోర్డు అక్కడే ఉంది. సంఘం గదిలో ఆయన అందరి ముందూ నిలబడి తప్పు ఒప్పుకున్న రోజున తమ్ముడు ఒక్కటే అడిగాడు: “మరి నా మొగ?”

కాపలా ఉద్యోగం పాయ ఒడ్డుకు మారింది. గది నుంచి చూస్తే ఎదురుగా కూతురి వాకిలి, ఆరేసిన బట్టలు. ఒకరోజు అల్లుడు పడవ దగ్గరగా తెచ్చి ఆపాడు.

“ఒక్క పోటు సేపు అటు తిరిగి కూర్చో మామయ్యా. నువ్వు చూళ్లేదు, నేను వెయ్యలేదు.”

“ఆ పని ముప్పై ఏళ్లు చేశానయ్యా. ఇక నా వల్ల కాదు.”

అల్లుడు పడవ తిప్పుకున్నాడు. కూతురు ఇంటికి వెళ్తే మంచినీళ్లు ఇస్తుంది, “భోంచేశావా?” అంటుంది. కూర్చోమనదు. ఆయన మూడుసార్లు వెళ్లి, తర్వాత మానేశాడు.

మరుసటి ఏడు వానలు వెలిసిన రోజుల్లో, ఒక పొద్దున పాటు తీసి తగ్గిన నీళ్లలో ఆయనకు రెండు పిల్లలు కనిపించాయి. ఒకదాని వెనక ఒకటి, బుల్లి రంపాలతో అడుగు బురద అటూ ఇటూ చిమ్ముతూ వెళ్తున్నాయి. డాక్టరమ్మకు ఫోను చేస్తే అందలేదు. ఎవరికైనా చెప్పాలనిపించి, చెప్పులు కూడా వేసుకోకుండా రేవు దాకా నడిచాడు. టీ కొట్టు బల్ల మీద నలుగురున్నారు. ఆయన్ని చూసి మాటలు ఆపారు. ఒకడు పక్కకు జరిగి చోటిచ్చాడు గానీ ఎవరూ పలకరించలేదు. ఆయన టీ తాగి, గ్లాసు కడిగి పెట్టి, ఏమీ చెప్పకుండా పాయ వైపు వెనక్కి నడిచాడు.