మరియమ్మ గారి పళ్లెం

ఈ సంఘటన రాసి మీ పత్రికకు పంపడం ఇది మూడోసారి. మొదటి రెండింటికీ మీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. నాకది కొత్తేం కాదు.

నిరుడు నందిగామ నుంచి రోజూ బస్సులో జగ్గయ్యపేట వెళ్లి, ఇత్తడి సామాన్ల మీద చేత్తో పేర్లు చెక్కడం నేర్చుకున్నాను. నలభై ఎనిమిదేళ్ల శిష్యుణ్ణి. మా మేస్త్రీ నాలుగు నెలలు పాత రేకుల మీద గీతలే గీయించారు. ఎలా ఉన్నాయని అడిగితే తల కూడా ఎత్తేవారు కాదు.

ఒకరోజు ఆయన భోజనానికి వెళ్లారు. పెనుగంచిప్రోలు మరియమ్మ గారు చర్చికి ఇవ్వబోయే కానుకల పళ్లెం, ఆమె పేరున్న చీటీతో నా ఎదురుగా ఉంది. చేతులు ఊరుకోలేదు. ఉలి తీసుకున్నాను. చర్చికిచ్చే పళ్లేల మీద ఎప్పుడూ ఉండే మాటే కదా అని, 'మరియమ్మ గారి జ్ఞాపకార్థం' అని చెక్కేశాను.

మేస్త్రీతో పాటే ఆవిడా వచ్చింది. పళ్లెం చదివి నా వంక చూసింది.

"నేనింకా పోలేదు నాయనా!"

ఉలి కింద పెట్టేశాను. చెక్కింది చెరగదు. మేస్త్రీ "కొత్త పళ్లెం ఇస్తానండి" అంటుంటే ఆవిడ నవ్వేసింది.

"ఎందుకులే, ఎప్పటికైనా రాయాల్సిందేగా. అక్షరాలు బాగున్నాయి, ఉండనీ."

ఇప్పటికీ ప్రతి ఆదివారం ఆవిడ తన జ్ఞాపకార్థం ఇచ్చిన పళ్లెంలో తనే కానుక వేస్తోంది. మేస్త్రీ మాత్రం ఆ రోజు నన్ను తిట్టనూ లేదు, మెచ్చుకోనూ లేదు.

మేస్త్రీ గారూ, మీరు ఈ పత్రిక చదువుతారని నాకు తెలుసు. తప్పు ఒప్పుకుంటున్నాను. అక్షరాలు బాగున్నాయా, లేదా? ఇప్పటికైనా చెప్పండి.