కడుపుల గోలి

మా మేనత్త పోయిందని మొన్న పొద్దున్నే ఫోను వచ్చింది. తొంభై దాటిన మనిషి. ముందు రోజు సాయంత్రం కూడా పక్కింటి కోడలికి పచ్చిపులుసు ఎట్లా చెయ్యాలో చెప్పి, ఆ పిల్ల చేసింది నచ్చక నాలుగు తిట్టి పడుకుందట. నిద్రలోనే పోయిందన్నాడు ఆమె మనవడు. ఏడ్చాను. ఏడుస్తూనే నాకు తెలియకుండా నా చెయ్యి పొట్టకు కుడివైపున ఉన్న పాత కుట్ల మీదికి పోయింది. అంతే, నవ్వొచ్చింది. మా అత్తను తలుచుకుని నవ్వకుండా ఉండటం నాకెప్పుడూ చేతకాలేదు.

ఆమె ఏ ప్రశ్నకూ ఒక్క ముక్కలో జవాబు చెప్పేది కాదు. "తిన్నవా అత్తా?" అంటే పొద్దున పొయ్యి రాజేసిన దగ్గర నుంచి ఎత్తుకునేది. లోకంలోని మగవాళ్లందరినీ, పటేలైనా పోలీసైనా, "కొడుకా" అనే పిలిచేది. నన్నొక్కణ్నే "అల్లుడా" అనేది. ఇంకొకటి, తనకు ఉర్దూ వచ్చని ఆమెకు గట్టి నమ్మకం. తెలుగునే కాస్త గొంతు పెంచి, చివర 'హై' తగిలిస్తే ఉర్దూ అయిపోతుందని ఆమె లెక్క. "నాకు తుర్కం మంచిగొస్తది" అని పదిమందిలో చెప్పుకునేది. మీరు నవ్వండి గానీ, ఆ ఉర్దూయే నన్ను బతికించింది.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు సంగతి. మాది తిరుమలగిరి దగ్గర చిన్న ఊరు. రజాకార్ల పీడ వదిలింది గానీ కమ్యూనిస్టుల సంఘం దళాలు ఇంకా తుపాకులు దించలేదు. వాళ్లను పట్టుకోవడానికి మిలిట్రీ ఊరూరా క్యాంపులు వేసింది. మీసం మొలిచిన పిల్లవాడు బాట మీద కనిపిస్తే చాలు, దళంవాడేమోనని పట్టుకుపోయేవారు. నాకప్పుడే మీసం వచ్చింది. సరిగ్గా అప్పుడే కడుపునొప్పి కూడా వచ్చింది.

బొడ్డు చుట్టూ మొదలై కుడివైపు కిందికి దిగిందా నొప్పి. బొడ్డు జారిందన్నారు అందరూ. జారిన బొడ్డును ఎక్కించే ముసలమ్మ ఒకామె వచ్చి, పసుపూ సున్నమూ కలిపి పొట్టకు పట్టు వేసి, గుడ్డతో బిగించి కట్టింది. తగ్గలేదు. నాన్నను బాపు అనేవాణ్ని; ఆయన అంగడి కాడ కూర్చునే కంపౌండరు దగ్గరికి పోయి గోలి తెచ్చి మింగించాడు. మందుబిళ్లను మా వైపు గోలి అనే అంటారు. మరునాటికి జ్వరం, వాంతులు. కాలు చాపితే ప్రాణం పోతున్నట్టుండేది.

బాపు చేతులు పిసుక్కున్నాడు. "నల్లగొండ పెద్ద దవాఖానకు తీస్కపోదమంటే తొవ్వ పొంటి మిలిట్రోళ్లున్నరు. పోరన్ని గుంజుకపోతరు. ఎట్ల చేద్దునే చెల్లే?"

అత్త అప్పటికే బండికి ఎడ్లను కడుతోంది. "ఇంట్ల ఉంటే సచ్చుడు ఖాయమన్నా. తొవ్వల సచ్చుడు అనుమానం. అనుమానమే నయం" అంది.

మా అమ్మ పోయాక తన పిల్లలతో పాటు నన్నూ పెంచిన మనిషి. బాపు కాడి ఎత్తి పట్టాడు. తానూ వస్తానంటే మాత్రం అత్త వద్దంది. "మొగోళ్లు ఎంతమందుంటే గంత అనుమానం. నువ్వుండు" అని తానే పగ్గాలు పట్టింది.

సడకు మీదికి ఎక్కామో లేదో మిలిట్రీవాళ్లు బండి ఆపారు. ఎక్కడో ఉత్తరాదివాళ్లు. హవల్దారు ఒకడు వచ్చి నన్ను చూపిస్తూ "ఇస్కో క్యా హువా?" అన్నాడు. వీడికేమైందని.

మా అత్త గొంతు పెంచింది. "పేట్ మే గోలీ గయా హై కొడుకా!"

కడుపులోకి గోలి పోయింది, అయినా తగ్గలేదు అని చెప్పాలని ఆమె ఉద్దేశం. ఆ రెండో ముక్క దాకా వాళ్లు ఆగలేదు. మిలిట్రీవాళ్లకు గోలీ అంటే తుపాకీ తూటాయే. తుపాకులన్నీ నా వైపు తిరిగాయి.

"కిస్కీ గోలీ?" అన్నాడు హవల్దారు. ఎవరి గోలీ అది అని.

"కంపౌండర్ కా హై!"

"కమాండర్?"

తన మాటను అతను దిద్దుతున్నాడని అత్తకు తోచింది. పెద్దమనిషి తరహాగా తలూపింది. "హా, హా, కమాండరే. మస్తు మంచోడు హై. ఎవలడిగినా గోలీ ఇస్తడు హై."

హవల్దారు నా మీది దుప్పటి ఎత్తాడు. పసుపూ సున్నమూ కలిస్తే ఏ రంగు వస్తుందో మీకు చెప్పక్కర్లేదు. పొట్టకు కట్టిన గుడ్డ ఎర్రగా తడిసి ఉంది. అనుమానంతో చూసే కంటికి అది నెత్తురే. దళం కమాండరు ఆచూకీ తెలిసిన మనిషి దొరికాడు, నోరు విప్పకుండా చావనివ్వకూడదు అనుకున్నారు కాబోలు, నన్ను అమాంతం ఎత్తి లారీలో వేశారు. అత్త కూడా ఎక్కింది. బండిని మా ఊరివాడెవరో మళ్లించుకుపోయాడు.

లారీ గాలిలా పోతోంది. చుట్టూ తుపాకులు. అత్త నా తల ఒడిలో పెట్టుకుని, "సూసినవా అల్లుడా, తుర్కం వస్తే ఎంత మర్యాదనో" అంది.

నల్లగొండలో డాక్టరుగారు కట్టు విప్పి, తడిగుడ్డతో ఆ ఎరుపంతా తుడిచి, "గాయమేదయ్యా?" అన్నారు. "అందర్ హై" అన్నాడు హవల్దారు, లోపల ఉందని. డాక్టరుగారు కుడివైపు వేళ్లతో నొక్కి వదిలారు. నేను పెట్టిన కేకకు గోడల మీది పిట్టలు లేచిపోయాయి. "ఇది తూటా కాదు, అపెండిసైటిస్. ఇంకో పూటైతే లోపలే పగిలేది" అని అప్పటికప్పుడు ఆపరేషన్ చేశారు. ఎడ్లబండిలో అయితే మేము రెండో రోజుకు గానీ నల్లగొండ చేరేవాళ్లం కాదు.

తూటా లేదని తేలినా పైనుంచి హుకుం రావాలట. అందాకా నా మంచం పక్కన తుపాకీతో ఒక సిపాయిని కూర్చోబెట్టారు. అత్త అతనికి కూడా జొన్నరొట్టె పెట్టేది. తీసిన పేగుముక్కను డాక్టరుగారు సీసాలో వేసి ఉంచితే, అడిగి తెచ్చి సిపాయి ముఖం ముందు పట్టింది. "గిదే నీ గోలీ హై. జర సూడు కొడుకా, పేలుతదా?" నాకు నవ్వు ఆగలేదు. నవ్వితే కుట్లు భగ్గుమంటాయి. "నవ్వకు అల్లుడా, కుట్లు ఊడుతయ్" అని తానే కసిరి, వెంటనే ఇంకో మాట అని నవ్వించేది.

పొట్టలోంచి గాలి బయటికి వెళ్లేదాకా మంచినీళ్లు కూడా ఇవ్వొద్దన్నారు డాక్టరుగారు. నాలుక పిడచకట్టుకుపోతోంది. నాతోపాటు వార్డంతా ఎదురుచూసింది. ఒక మధ్యాహ్నం ఆ శుభకార్యం జరిగింది. కునికిపాట్లు పడుతున్న సిపాయి ఉలిక్కిపడి తుపాకీ అందుకున్నాడు. "ఇగ పేలింది హై!" అని అత్త చప్పట్లు కొట్టింది. ఆ సిపాయే పరుగెత్తి నాకు నీళ్లు తెచ్చాడు.

అత్త చెప్పిన జాడ పట్టుకుని కమాండరు కోసం అంగడికి పోయిన మిలిట్రీవాళ్లకు వణుకుతున్న కంపౌండరూ, అతని బిళ్లల సీసాలూ దొరికాయి. దాంతో సంగతి తేలింది, కాపలా ఎత్తేశారు. సిపాయి వెళ్తూ మా అత్త కాళ్లకు మొక్కాడు.

ఆమెకు నిజంగా తెలియదా, కావాలనే అన్నదా అని నాకు జీవితమంతా సందేహం. ఎన్నోసార్లు అడిగాను. ఆమె ఒకే ఒక్క ప్రశ్నకు పొట్టిగా జవాబు చెప్పిందంటే అది దీనికే. "మింగేది గోలే, పేల్చేది గోలే. లారీ దొరికిందా లేదా?"

దవాఖాన నుంచి పంపించిన రోజు తిరుమలగిరి దాకా బస్సులో వచ్చాం. అక్కడికి బాపు బండి తెచ్చాడు. గడ్డి మెత్తగా పరిచి, నన్ను పడుకోబెట్టి, అత్త మాత్రం ఎక్కలేదు. నేను చచ్చిపోతానేమోనన్న మాట దవాఖానలో ఉన్న అన్ని రోజుల్లో ఆమె ఒక్కసారి కూడా నోట అనలేదు. భయపడినట్టు కూడా కనిపించలేదు.

"ఎక్కరాదే అత్తా" అన్నాను.

"నువ్వు పండుకో అల్లుడా" అంది వెనక్కి తిరగకుండా. ముక్కు ఎగబీల్చింది. అప్పుడు తెలిసింది నాకు, ఏడుస్తోందని.

బండి కుదిపితే నా కుట్లు ఎక్కడ కదులుతాయోనని, చక్రాలు పోయే జాడలో ఉన్న రాళ్లను ఏరి పక్కకు వేస్తూ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, మళ్లీ వంగుతూ, మా ఊరు వచ్చేదాకా ఎడ్ల ముందర నడుస్తూనే ఉంది.