మెయిన్ ఆపే ముందు

మొన్న మా పటమట ఇంట్లో కొత్త ఇంటర్నెట్ పెట్టె బిగించినప్పుడు, మా అమ్మాయి ఫోను మీద నాలుగుసార్లు వేలు ఆనించి అయిపోయిందంది. సేవ్ చేశావా అని నేనడిగితే, దానంతటదే అవుతుందిలే అబ్బా అని నవ్వింది. నాకు మాత్రం మా కాలేజీ అటెండరు గుర్తొచ్చాడు. వయసులో పెద్దవాడని అందరం బాబాయి అనేవాళ్లం.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో గన్నవరం దారిలోని ఓ ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకునేవాణ్ణి, అదీ తాత్కాలికంగానే. దసరా సెలవులయ్యాక తనిఖీకి వస్తారనీ, ఆ రోజు ల్యాబు సవ్యంగా నడిస్తే పర్మనెంట్ చేస్తామనీ ప్రిన్సిపాల్ గారు మాటిచ్చారు. మా అమ్మ ఆ ముక్క అప్పుడే వీధంతా చాటేసింది కూడానూ! కంప్యూటర్లన్నిటినీ కలిపే స్విచ్చుకు కేబుల్ తగిలించి, నల్లటి తెర మీద వారంరోజులపాటు, కరెంటు తియ్యకుండా, ఒక్కొక్క కమాండే కొట్టి, దానికి పేరు పెట్టి, పాస్‌వర్డ్ పెట్టి, పిల్లలకిన్ని, ఆఫీసుకిన్ని అని కేబుళ్లు గుచ్చే పోర్టులు పంచాను. అన్నీ పనిచేస్తున్నాయన్న మురిపెంలో, చేసినదంతా దాచుకోమని చెప్పే 'రైట్' అన్న చివరి కమాండు కొట్టడం మరిచాను. అది కొట్టకపోతే, కరెంటు తీసిన మరుక్షణం స్విచ్చు అంతా మరిచిపోతుంది.

ఆయుధపూజనాడు యంత్రాలకు విశ్రాంతి ఇవ్వాలన్నది బాబాయి నియమం. యూపీఎస్‌తో సహా మెయిన్ ఆపేసి, స్విచ్చును శుభ్రంగా తుడిచి పసుపు కుంకుమ పెట్టాడు. తనిఖీనాడు పొద్దున్నే వచ్చి వేసి చూద్దును గదా, నేను పెట్టిన పేరే లేదు! ప్రిన్సిపాల్ గారు ఆ కుంకుమ చూసి బాబాయి మీద విరుచుకుపడ్డారు. పాపం ఆయన చేతులు జోడించి, "నా బొట్టే లోపలికి పోయిందేమోనండీ, తప్పయిపోయింది" అన్నాడు. నోరు మూసుకుంటే నా ఉద్యోగం నాకు దక్కుతుంది. ఒక్క క్షణం మూసుకున్నాను కూడా, దానికి ఇప్పటికీ సిగ్గుపడతాను. తరవాత, తప్పు నాదేనండీ అని ఒప్పుకున్నాను. ప్రిన్సిపాల్ గారు నావంక కొరకొరా చూసి, వాళ్లొచ్చేది పదకొండింటికి, ఈలోగా కానివ్వమన్నారు. వారం రోజుల పని రెండు గంటల్లో చేశాను, బాబాయి పక్కనే నిలబడి మంచినీళ్లందిస్తుంటే. తనిఖీ గండం గడిచింది గానీ, పర్మనెంట్ కాగితం ఉగాదికి గాని చేతికి రాలేదు.

అప్పటినుంచీ బాబాయి రోజూ సాయంత్రం మెయిన్ మీద చెయ్యివేసి, "బాబూ, రైట్ కొట్టారా?" అని అడిగేవాడు. ఎప్పుడో కొట్టేసినా, ఆయన ఎదుట మళ్లీ ఒకసారి కొట్టి చూపించేవాణ్ణి. అప్పుడుగాని ఆపేవాడు కాదు.

ఇప్పటి పెట్టెలు అన్నీ వాటంతటవే గుర్తుంచుకుంటున్నాయి. హాయిగానే ఉంది, కాదనను. కానీ నా జవాబు వినేదాకా మెయిన్ మీద చెయ్యి అలాగే ఉంచి ఆగే మనిషే లేడు.