బారన్ గారి రెండో సాక్షి

భోజనాల బల్ల దగ్గర జనరల్ ట్రుక్సా మీసం దువ్వుకుని, వెనకటి యుద్ధంలో ఒక వంతెన మీదికి అందరికంటే ముందు దూకింది తానేనన్నాడు.

"ఎవరు చూశారు?" అన్నారు మా బారన్ ఇగ్నాజ్ హోల్జెగ్ గారు, సూప్ తాగుతూనే.

"నేనే చెబుతున్నానుగా."

"మీరు ఒక సాక్షి. రెండో సాక్షి?"

జనరల్ ముఖం కందగడ్డ అయింది. "నా గుర్రం ఉంది, అడగండి."

"రేసీ, జనరల్ గారి గుర్రాన్ని లోపలికి తీసుకురా."

నేను వంటమనిషిని, దొరగారి మాట జవదాటే రకాన్ని కాను. చేతులు తుడుచుకుని వాకిలిదాకా వెళ్ళాను. వెనకనుంచి జనరల్ గొంతు వినబడింది. "ఆగవమ్మా. నా ముందు ఇంకొకడెవడో పరిగెత్తినట్టు గుర్తొస్తోంది."

అదీ మా దొరగారి జబ్బు. ఇద్దరు చూశామంటే తప్ప పొద్దు పొడిచిందన్నా నమ్మరు. వియన్నాలో మంత్రిగా ఉన్నప్పుడు, ప్రజలంతా సుఖంగా ఉన్నారని సభలో చదవమని కాగితం ఇచ్చారట. "సుఖంగా ఉన్నవాణ్ణి ఒకణ్ణి నేనెరుగుదును, నేనే. రెండోవాడెవడు?" అన్నారట ఈయన. అంతే, గ్రాత్స్‌లో సొంతింటికి పంపేశారు.

ఇంటికొచ్చి చరిత్ర రాయడం మొదలుపెట్టారు. నాకు అక్షరాలు అంతంతమాత్రమే గానీ చెవులు బాగానే పనిచేస్తాయి. ఎవరో పాతకాలపు డ్యూక్ చనిపోవడాన్ని ఇద్దరు చూడలేదట. అందుకని ఆయన పుస్తకంలో ఆ మహానుభావుడు ఇంకా బతికే ఉన్నాడు.

నా సూప్‌లో ఉప్పు సరిపోయిందో లేదో తేల్చడానికి కూడా బండి తోలే ఫ్లోరియాన్‌ను పిలిచేవారు. సాక్ష్యం చెప్పీ చెప్పీ వాడు పీపాలా తయారయ్యాడు.

ఇక ఆ క్రిస్మస్ సంగతి. పండుగ రాత్రి వేయించడానికి ప్రాణంతో కొన్న చేప స్నానాల తొట్టిలో ఈదుతోంది. ఏడాదంతా ఆ వేపుడు కోసమే ఎదురుచూసే దొరగారు రోజూ వెళ్ళి దాన్ని పలకరించి వస్తున్నారు. పండుగనాడు పొద్దున్నే ఆయన అక్కగారు, కౌంటెస్ అమాలియా, గావుకేక పెట్టింది. వాళ్ళమ్మగారి వెండి ఉప్పు చెంచా కనబడటం లేదు.

"అంట్లు తోమే వాల్‌బుర్గా పనే ఇది. ఇప్పుడే గెంటెయ్."

వాల్‌బుర్గా మొగుడు పోయిన మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. దొంగ అన్న పేరుతో గడప దాటిందా, ఊళ్ళో ఇంకెవరూ గిన్నె ముట్టనివ్వరు. గోడకి ఆనుకుని నిలబడింది.

"తీస్తుండగా ఎవరు చూశారక్కా?" అన్నారు దొరగారు.

"ఎవరూ చూడకుండానే తీస్తారు దొంగలు. నీ కోర్టు కట్టిపెట్టు తమ్ముడూ. ఇది వెళ్తుందా, నన్ను వెళ్ళమంటావా?"

దొరగారు నేల చూస్తూ అన్నారు. "చెంచా చేప మింగింది. ఆ చెంచాతో మేత పెడుతుంటే జారిపోయింది. నేను చూశాను."

కౌంటెస్ కళ్ళు మెరిశాయి. చిన్నప్పటినుంచీ కాచుకున్న అదను దొరికింది మరి. "నువ్వు ఒక సాక్షివి. రెండో సాక్షి?"

దొరగారు నా వంక చూశారు. మా వంశంలో అబద్ధం ఆడినవాళ్ళు లేరు. ఆ రోజు నేను మొదలుపెట్టాను.

"నేనూ చూశానమ్మా. ఒక్క గుటకలో మింగేసింది."

"సరే. సాయంత్రం ఆ చేపను నా ఎదుటే కోద్దువుగాని. కడుపులో చెంచా లేకపోతే ఈ వాల్‌బుర్గా సంగతి తేలుస్తా," అని విసవిసా వెళ్ళిపోయింది.

వాల్‌బుర్గా నడుముకు కట్టుకున్న గుడ్డతో ముఖం తుడుచుకుంటోంది. దొరగారు వంటింట్లోకొచ్చి తలుపు మూశారు. తొట్టి ఉన్న గదివైపు ఒకసారి ఆశగా చూసి గుటక వేశారు.

"రేసీ, చేపను బకెట్‌లో వేసుకుని వెనక సందులోంచి వెళ్ళి మూర్ నదిలో వదిలేసి రా. దారిలో ఒకరు చూస్తే చూడనీ. ఇద్దరు మాత్రం చూడకూడదు."