ఎడమ పక్క చేప

మా నాన్న చెక్కిన చేప లేకుండా పోర్ట్ బ్లెయిర్‌కి ఎదురుగా ఉన్న హోప్ టౌన్ ఒడ్డున మావాళ్ళ డింగీ ఒక్కటి కూడా నీళ్ళలోకి దిగేది కాదు. బోటు ముక్కుకి రెండు పక్కలా రెండు చెక్కలు బిగిస్తారు. వాటి మీద ఉలితో చేప చెక్కి, రంగు నింపి, పసుపు రాసి, గంగమ్మకి కొబ్బరికాయ కొట్టాకే బోటు కదిలేది. అలాంటి మనిషికి కుడి చెయ్యి వణకడం మొదలైంది. ఉలులన్నీ ఓ డబ్బాలో వేసి అటక మీద పడేశాడు. నలుగురిలో ఉన్నప్పుడు ఆ చేతిని తువ్వాలు కింద దాచుకునేవాడు. అది చూస్తే నాకు ఏడుపూ వచ్చేది, ఒళ్ళూ మండేది.

సరిగ్గా అప్పుడే మా అన్న కొత్త డింగీ కట్టించాడు. సొంత కొడుకు బోటుకే చేప లేదు. "ఛోడో నాన్నా, వదిలెయ్, బజార్లో స్టిక్కర్లు దొరుకుతాయి, అంటించేద్దాం" అన్నాడు అన్న. నాన్న బాధపడకూడదనే అన్నాడు పాపం. నాన్న కంచం ముందు నుంచి లేచిపోయాడు.

నాకు పౌరుషం వచ్చింది. పోర్ట్ బ్లెయిర్ షాదీపూర్‌లో నాకో చిన్న కొట్టుంది. టేబుల్ మీద పట్టే, కంప్యూటర్ చెప్పినట్టు చెక్కే సి.ఎన్.సి. మిల్లుతో పేరు పలకలూ, టూరిస్టులకి తాబేలు బొమ్మలూ చెక్కి అమ్ముతాను. ఆ మిల్లుకి ఫోటో ఇస్తే ఎటు కదలాలో తెలియదు. దానికి గీత కావాలి. వెక్టర్ ఫైల్ అంటే అదే: కొన్ని చుక్కలు, ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకి వంపు తిరిగే గీత. గిర్రున తిరిగే బిట్ ఆ గీత వెంటే పోతూ చెక్కని తొలుస్తుంది. నాన్న గీత దానికిస్తే నాన్న చేపే వస్తుంది కదా అనుకున్నాను.

నాన్న పాత డింగీ ఒడ్డున మూల పడుంది. ఎడమ చెక్క ఎప్పుడో పుచ్చి ఊడిపోయింది, కుడిది మిగిలింది. దాని మీద కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దితే చేప తేలింది. కాగితాన్ని ఫోటో తీసి కంప్యూటర్‌లో పెట్టాను. దాన్నే గీసిపెట్టమంటే ప్రతి ఉలి గాటుకీ అటొకటీ ఇటొకటీ రెండేసి గీతలు గీసింది మహాతల్లి. అవన్నీ చెరిపేసి మూడు రోజులు కూర్చుని ఒక్కో పొలుసూ నేనే గీశాను. ఇక ఎడమ పక్కకి? అద్దంలోలా తిప్పి చూపించే మీట ఒకటుంది. నొక్కాను. రెండో చేప తయారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

రెండు చేపలూ ఎర్రటి పడాక్ కలప చెక్కల మీదికి దిగాక నాన్నని ఫెర్రీ ఎక్కించి కొట్టుకి తీసుకొచ్చాను. కుడి చెక్కని వేళ్ళతో తడిమాడు. మొహం వెలిగింది. "నా సేపే!" అన్నాడు. ఎడమది తడిమాడు. చెయ్యి మళ్ళీ తువ్వాలు కిందకి పోయింది.

"ఇది నాది కాదే గుంటా."

"అదెలా నాన్నా? అదే ఫైలు, తిప్పానంతే!"

"అదే మరి. రెండూ మొగయ్యే ఎట్టేసినావు. గుడ్లెవులెడతారు?"

నాన్న కుడి పక్కన మగ చేపని చెక్కుతాడట. ఎడమ పక్కన గుడ్లతో నిండిన పొట్టతో ఆడ చేప. జత ఉంటేనే సముద్రంలో చేప తరగదని ఆయన నమ్మకం. పుట్టినప్పటి నుంచీ ఆ బోట్ల మధ్యే తిరిగాను, ఒక్కనాడూ గమనించలేదు. బోటుకి రెండు పక్కలూ ఒకేసారి ఎవరికి కనిపిస్తాయి గనక!

ఎల్లుండే బోటు దింపాలి. మిగిలిన పడాక్ చెక్క ఒక్కటే. సిగ్గేసింది, కోపమూ వచ్చింది. "అయితే ఎక్కడ ఎంతుండాలో నువ్వే చెప్పు" అని ఆయన్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. పొట్ట గీత మీదున్న చుక్కని పట్టి కిందకి లాగాను. నాన్న ముందుకు వంగాడు.

"ఇంకా దించు. ఇంకా... బస్, బస్! తోక కాడ సన్నం సెయ్యి. అంత కాదే, కూడు నేక సిక్కినట్టు అగుపడతంది."

కాసేపటికి ఓపిక చాలక నా చెయ్యి పక్కకి తోసేసి మౌస్ తనే పట్టుకున్నాడు. చుక్క తెర మీద ఊగిపోయింది. కానీ కావలసిన చోటికి రాగానే ఠక్కున వేలు తీసేశాడు. చుక్క అక్కడే నిలిచిపోయింది.

"ఇది ఒణకదేటే?"

"వణకదు నాన్నా. నువ్వెక్కడ పెడితే అక్కడే."

గురి తప్పితే గీతని వెనక్కి తెచ్చే మీట కూడా చూపించాను. "ఉలికి ఇది నేదు గదా!" అని పగలబడి నవ్వాడు. ఆయన అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. అన్నానికి పిలిస్తే కసిరాడు. పొట్ట నిండా గుడ్లు ఒక్కొక్కటే పెట్టుకుంటూ పోయాడు. మిల్లు ఆ చివరి చెక్క మీద గీత మొదలుపెడితే ఆపే మీట మీదే వేలు పెట్టుకుని కూర్చున్నాను. పొడి ఊదేసి చూశాను. నిండు చూలాలైన చేప. నాన్న తడిమి, చెక్కని ఒళ్ళో పెట్టుకున్నాడు. గెలిచాం అనుకున్నాను.

అనుకున్న రోజు పొద్దున కొబ్బరికాయ కొట్టి బోటు దింపారు. కొట్టు తెరవాలని నేను పోర్ట్ బ్లెయిర్ ఫెర్రీ ఎక్కాను. సగం దూరం వచ్చేసరికి మా డింగీ ఫెర్రీ పక్కకి వచ్చేసింది. మగ చేప నీళ్ళు చిమ్ముకుంటూ పోతోంది. అన్న చెయ్యి ఊపి, ఫెర్రీ వెనక నుంచి చుట్టూ తిప్పి రెండో పక్కకి తెచ్చాడు. నేను జనాన్ని తోసుకుంటూ అటు వైపు కమ్మీ దగ్గరికి పరిగెత్తాను. పొట్ట నిండా గుడ్లతో ఆడ చేప.

"వాహ్! కిస్‌నే బనాయా?" అని పక్కనున్న దీదీ అడిగింది.

"మా నాన్న!" అని అరిచాను, ఆమెకి తెలుగు వచ్చో రాదో కూడా చూసుకోకుండా.

డింగీ ముక్కు దగ్గర నిలబడ్డ నాన్నకి అది వినిపించినట్టుంది. తువ్వాలు భుజం మీదే వదిలేసి, ఫెర్రీలో ఉన్న జనమంతా చూస్తుండగా, వణుకుతున్న ఆ కుడి చేతినే పైకెత్తి ఊపాడు.