విసుర్రాయి మీద నిలిపిన కర్ర

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. ఇన్నేళ్లుగా నేను ఒక జానెడు ఎత్తును మోస్తున్నాను. నవ్వకండి, జానెడే. వడ్ల బస్తాలు మోసిన భుజాలివి. ఆ జానెడు దింపుకోవడం మాత్రం చేతకాలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు.

ఆదిలాబాద్ అడవుల్లోంచి దిగి గోదావరిలో కలిసే వాగు ఒడ్డున మా ఊరు. రజాకార్ల భయం పోయిన కొన్నేళ్లకు వాగుకు అడ్డంగా కట్ట వేస్తారని, ఆ నీళ్లతో కరెంటు పుట్టిస్తారని చెప్పారు. నీళ్లలోంచి దీపం ఎట్లా వెలుగుతుందని అందరం నవ్వుకున్నాం. తర్వాత సర్వే సారు మూడు కాళ్ల దుర్బీన్‌తో వచ్చాడు. గీతల కర్ర పట్టుకుని నిలబడే పని నాకు దొరికింది. పెళ్లీడుకొచ్చినవాణ్ణి, ఆ కర్ర పట్టుకుంటే ఊరికి నేనే పటేల్‌నన్నట్టు తిరిగేవాణ్ణి. నేను కర్రను నేల మీద నిటారుగా నిలిపితే, సారు దూరం నుంచి దుర్బీన్‌లో చూసి అంకె రాసుకునేవాడు. ఆ అంకెను బట్టే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో తేలేది. మునిగే ఇళ్లవాళ్లకు ఇచ్చోడ వైపు కొత్త ఊళ్లో జాగా ఇస్తారు. మునగనివాళ్లు ఉన్నచోటే ఉంటారు.

మా ఇల్లు గుట్ట మీద. మునగదు. దాని కింద, ఊరికి పై అంచున, గంగవ్వ ఇల్లు. ఆమెకు భర్త లేడు, లచ్చి ఒక్కతే కూతురు. లచ్చి అంటే నాకు ఇష్టం. ఆ మాట ఆమెకు చెప్పలేదు, చెప్పకుండానే ఆమెకు తెలుసనుకునేవాణ్ణి.

"గంగవ్వ గడప దగ్గర జానెడు తక్కువొస్తుంది, రేపు మళ్లీ చూద్దాం" అన్నాడు సారు ఒక సాయంత్రం. జానెడు తక్కువంటే ఇల్లు మునిగే లెక్కలోకి వస్తుంది. లచ్చి ఇచ్చోడ దిక్కుకు పోతుంది.

మర్నాడు గంగవ్వ వాకిట్లో నిలబడ్డాను. ముందు నడుమెత్తు మట్టిగోడ ఉంది. దాని అవతలి నుంచి సారుకు కర్ర పైభాగమే కనిపిస్తుంది. గడప పక్కన సగం పగిలిన విసుర్రాయి ఉంది, దాని మందం సరిగ్గా జానెడు. కర్రను ఎత్తి దాని మీద పెట్టాను, సారు లెక్కలో గడప జానెడు పైకి లేచింది. అంతే. రెప్పపాటు పని. చాటతో కందులు చెరుగుతున్న లచ్చి చూసి, ఎందుకో తెలిసినట్టు చిన్నగా నవ్వింది.

సారు వెళ్లిపోయాక గంగవ్వ నా దగ్గరికి వచ్చింది.

"కర్ర పట్టెటోనివి నువ్వే గద బిడ్డా, నిజం జెప్పు. మా ఇంటికి నీళ్లొస్తయా? వస్తయంటే ఇప్పుడే మేం గూడ అందరితోని పేరు రాపిచ్చుకుంటం."

"రావత్తా. జర్ర గూడ ఫికర్ జెయ్యకు."

ప్రేమతో చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ప్రేమేనా? ప్రేమైతే ఆమెతో పాటు ఇచ్చోడకు నేనే పోవచ్చు కదా? నాకు నా గుట్టా కావాలి, లచ్చీ కావాలి, దానికి వాళ్ల ఇల్లు పందెంలో పెట్టాను.

కట్ట పూర్తయింది. ఊరు బండ్లెక్కి వెళ్లిపోయింది. తర్వాతి వానాకాలం ఒక తెల్లవారుజామున నీళ్లు చప్పుడు లేకుండా గంగవ్వ గడప తాకాయి. మూడో రోజు నానిన ఇంటి గోడ మెత్తగా కూర్చుండిపోయింది. తల్లీకూతుళ్లు ప్రాణాలతో బయటపడ్డారు. మునిగే ఇళ్ల జాబితా అప్పటికే మూసేశారు, వాళ్లకు జాగా దొరకలేదు. విచారించడానికి ఇంకో సారు వచ్చాడు. కర్ర నేల మీదే పెట్టావా అని నన్ను అడిగాడు.

"నేల మీదనే పెట్టిన సార్."

ఆయన లచ్చి వైపు తిరిగాడు. "నువ్వు చూసినవా?"

లచ్చి నా ముఖంలోకి చూసింది. నేను నోరు విప్పుతానని ఎదురుచూసిందేమో. నేను తల వంచుకున్నాను.

"నేను చూడలే" అంది.

ఆ వారమే తల్లీకూతుళ్లు రెండు మూటలతో కాగజ్‌నగర్‌కు కూలికి పోయారు. పెళ్లి మాట ఎత్తడానికి నాకు ముఖం లేదు. మళ్లీ వాళ్లను చూడలేదు.

నాకు పవర్ హౌస్‌లో పని దొరికింది. కరెంటు మంచిదే, నేను కాదనను. మా అవ్వ మొదటిసారి కరెంటు బుగ్గ వెలిగిన రోజున దానికి దండం పెట్టింది. మోటార్లు వచ్చాయి, యాసంగిలో రెండో పంటగా వరి పండింది. వానలు మొదలవగానే వాగులో ఎదురెక్కి వచ్చే చేపలు మాత్రం కట్ట దగ్గరే ఆగిపోయాయి. ఇప్పచెట్లు నడుములోతు నీళ్లలో నిలబడి నిలబడి ఎండిపోయాయి. పడవలో వాటి మధ్య నుంచి పోతుంటే కింద మా ఊరు ఉందని తెడ్డు మెల్లగా వేసేవాణ్ణి. ఇప్పటికీ కల వస్తుంది. నీళ్ల అడుగున గంగవ్వ ఇల్లు చెక్కు చెదరకుండా ఉంటుంది. లోపల బుగ్గ వెలుగుతుంటుంది. లచ్చి చెరుగుతుంటే కందులు కింద పడవు, ఒక్కొక్కటీ మెల్లగా పైకి, నా పడవ దాకా తేలి వస్తాయి. వాటిని పట్టుకోవడానికి నాకు చేతులు లేవవు.

మండు వేసవిలో నీళ్లు దిగితే ఆ విసుర్రాయి బయటపడుతుంది. ఏటా వెళ్తాను, ఏమీ చేయకుండా తిరిగొస్తాను. ఈ ఏడు మాత్రం నా చేతికర్రను మొదట ఆ రాయి మీద నిలిపి, తర్వాత తీసి, పక్కన బురదలో, నేల మీద నిలిపాను. చుట్టూ ఎవరూ లేరు. అయినా పైకే అన్నాను.

"నేల మీద పెట్టలే సార్. ఇసుర్రాయి మీద పెట్టిన. లచ్చి చూసింది."